అడ్వాన్సుకు ముందే సాక్ష్యం

నా ముందు నడిచి, నేను ఆగిపోయిన చోట తానూ ఆగిన నా ప్రభువుకు స్తోత్రం. తల దాచుకునే చోటు ఇచ్చేవాడూ ఆయనే, ఆ చోటు మనకు బరువైనప్పుడు బయటికి దారి తీసేవాడూ ఆయనే. ఇరుకులో నేను పెట్టిన మొర విన్నందుకు స్తోత్రం. విన్న వెంటనే జవాబియ్యక కొంతకాలం నన్ను ఆ ఇరుకులోనే ఉంచినందుకు కూడా స్తోత్రం. ఈ రెండో మాట ఇప్పుడు రాయగలుగుతున్నాను కానీ అప్పుడు అనగలిగేదాన్ని కాదు.

నేను పుట్టింది కొండపాక దగ్గర ఒక పల్లెలో. మా బాపు నాట్లకూ కోతలకూ కూలికి పోయేవాడు. ఆదివారం వస్తే చర్చి సంఘానికి పెద్దగా నిలబడి వాక్యం చదివేవాడు. ఆయనకు చదువు బడిలో రాలేదు, సంఘంలో వచ్చింది. నాకూ సగం అట్లాగే వచ్చింది. మా ఇల్లు మట్టి గోడలదే అయినా మా సొంతం. కిరాయి అనే మాట మా ఊళ్ళో ఎడ్లబండికి వాడేవారు, పెళ్ళిళ్ళకు తెచ్చే పెట్రోమాక్సు దీపాలకు వాడేవారు. మనిషి తాను పండుకునే జాగకు నెలనెలా డబ్బు కట్టడమనేది పెళ్ళయి సిద్దిపేటకు వచ్చేదాకా నేను ఎరగను. అందుకే ఎంత కిరాయి కట్టగలమన్న లెక్క మాకు ఎవరూ నేర్పలేదు. దశమభాగం లెక్క నేర్పారు. వచ్చిన పదిలో ఒకటి ముందుగా తీసి దేవునికి పక్కన పెట్టాలి, మిగిలిన తొమ్మిదితో బతకాలి. ఆ తొమ్మిదిలో ఇంటికి ఎన్ని పోవచ్చో ఏ ప్రసంగంలోనూ నేను వినలేదు.

ఇది ఎనభైల చివరి మాట. మా ఆయన పాత బజారులో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. నెలకు ఆరు వందల జీతం. నేను ఇంట్లో కూర్చుని బీడీలు చేసేదాన్ని. కార్ఖానాలో ఇచ్చిన ఆకును తడిపి, కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, కట్టలు చేసి మళ్ళీ కార్ఖానాలో అప్పజెప్పాలి. ఆకు మంచిదొచ్చి చెయ్యి నడిస్తే నెలకు రెండు వందలు వచ్చేవి. మాకు ఒక్కతే పాప, అప్పటికి నాలుగేళ్ళది. బస్టాండు వెనుక ఒక్క గది, వంద రూపాయల కిరాయి. వాన పడితే వంటచేసే మూలలోనే కారేది. మారాలని ఇద్దరికీ ఉండేది.

జీతం వచ్చిన మరునాడు చాప మీద డబ్బు పరచి మేము కుప్పలు పెట్టేవాళ్ళం. ముందు దేవుని ఎనభై. తరువాత ఊళ్ళో అత్తమ్మకు పంపే యాభై. రెండు రూపాయల బియ్యం కార్డు అత్తమ్మ పేరున ఊళ్ళోనే ఉండిపోయింది కాబట్టి మేము బజారు ధరకే బియ్యం కొనాలి. గ్యాసునూనె, పప్పు, పాపకు పాలు, చిట్టీ. ఎటు తిప్పి చూసినా కిరాయి నూట యాభై దాటకూడదని నాకు తేలింది. దాటిందంటే ఇంట్లో ఎవరికీ జ్వరం రాకూడదు, చుట్టాలు రాకూడదు, చెప్పు తెగకూడదు. మా ఆయన కూడా తల ఊపాడు. నూట యాభై లోపల చూద్దామనే అనుకుని ఇల్లు వెతకడానికి బయలుదేరాం.

దొరికిన ఇల్లు రెండు గదులు, ముందర ఒక వరండా. పైన స్లాబు. బావికి మోటరు ఉంది. ఇంటామె ముందు భాగంలో ఉండేది. కిరాణా వ్యాపారం చేసే కుటుంబం వాళ్ళది, దుకాణం కొడుకులు చూసుకునేవారు, ఇల్లు మాత్రం ఆమె చేతిలో ఉండేది. రెండు వందల యాభై అన్నది. నేను అప్పుడే వాకిలి దిక్కు తిరిగాను. మా ఆయన మాత్రం కళ్ళు మూసుకుని అక్కడే నిలబడ్డాడు. లోపల ప్రార్థన చేసుకుంటున్నాడని నాకు తెలుసు, ఇంటామెకు తెలియదు. ఆమె ఆయనను కొంచెం సేపు చూసి, మేము ఏమీ అడగకుండానే, సరేలే, రెండు వందల ఇరవై ఐదు ఇయ్యండి అన్నది. వేసవి నుంచి ఇల్లు ఖాళీగా ఉండి విసిగి తగ్గించానని తరువాత ఆమే నవ్వుతూ చెప్పింది. ఆ రోజు మాకు ఆ సంగతి తెలియదు. తగ్గిన ఆ ఇరవై ఐదు రూపాయలను మా ఆయన దేవుని జవాబుగా పట్టుకున్నాడు.

అది శుక్రవారం. అడ్వాన్సు సోమవారం కట్టాలని మాట. మధ్యలో ఆదివారం వచ్చింది.

మా సంఘంలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల వేళ ఉంటుంది. ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఎవరైనా లేచి అందరి ముందు చెప్పవచ్చు. మా ఆయన లేచాడు. కళ్ళ నీళ్ళతో చెప్పాడు. అడిగిన దానికంటే పెద్ద ఇల్లు దేవుడిచ్చాడని, నోరు తెరిచి బేరమాడకుండానే కిరాయి తగ్గించాడని, వరండాలో ముప్పై మంది కూర్చోవచ్చని. అందరూ స్తోత్రం చెప్పారు. ఊరి ఆ దిక్కున కూడుకోవడానికి చోటు లేక సంఘం చాలా రోజులుగా ప్రార్థిస్తోంది. మా పాస్టరు అయ్యగారు అక్కడే లేచి, ఇక మీదట బుధవారం మధ్యాహ్నపు కూడిక ఈ సోదరుని ఇంట్లోనే అని ప్రకటించారు. ఆడవాళ్ళ వరుసలో నా పక్కనున్నవాళ్ళు నా చెయ్యి పట్టుకుని సంతోషపడ్డారు. నేనూ స్తోత్రం అన్నాను. అప్పటికి ఆ ఇల్లు మాది కాదు, ఒక్క రూపాయి కూడా కట్టలేదు.

సోమవారం చిట్టీ ఎత్తిన డబ్బుతో రెండు నెలల అడ్వాన్సు కట్టడానికి పోతుంటే దారిలో అడిగాను.

"నూట యాభై అనుకున్నం గద."

"అన్నిటికి లెక్క చూస్కుంట కూసుంటే ఇంక విశ్వాసమెందుకు?" అన్నాడు. కొన్ని అడుగులు పోయాక మెల్లగా, "సంఘం ముంగట చెప్పిన. ఇంకెట్ల ఎనుకకు పోత?" అన్నాడు.

ఆ మాటతో నేను ఊరుకున్నాను. ఆ మాట ఎంత దూరం పోతుందో నాకూ ఆయనకూ తెలియదు.

మొదటి నెల ఆ ఇంటిని నేను ప్రేమించాను. ఆ సంగతి దాచను. పాప ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పరుగెత్తేది, వెనక్కి వచ్చేది, మళ్ళీ పోయేది. అంతకుముందు అది పరుగెత్తడానికి మాకు రెండో గది లేదు. బుధవారం పొద్దున్నే వరండా కడిగి చాపలు పరిచేదాన్ని. బీడీల చాట, తంబాకు డబ్బా, ఆకు మూట వెనుక గదిలో మంచం కిందకు తోసేదాన్ని.

కానీ తంబాకు వాసన మంచం కింద ఆగదు. మూడో బుధవారమో నాలుగో బుధవారమో, మా సంఘంలో పాటలు ఎత్తే అక్క చాప మీద కూర్చుంటూనే ముక్కు ఎగబీల్చింది.

"చెల్లె, తంబాకు వాసనొస్తుంది. ప్రార్థన జేసే జాగల గిదేంది?"

అక్కడ కూర్చున్న ఆడవాళ్ళలో సగం మంది వాళ్ళ ఇళ్ళలో బీడీలు చేసేవాళ్ళే. నేనూ చేస్తాను అని ఎవరైనా అంటారేమోనని ఒక్కొక్కరినీ చూశాను. అందరూ పాటల పుస్తకాలు తెరిచారు. అయ్యగారు నన్ను ఏమీ అనలేదు. ఆ రోజు ప్రసంగంలో మాత్రం, దేవునికి ప్రత్యేకించిన చోటును ఎట్లా ఉంచుకోవాలో చెప్పారు. ఆ మాట మా ఆయన దాకా పోయింది. దుకాణం నుంచి వచ్చి అన్నం తినకుండా కూర్చున్నాడు. బీడీలు మానెయ్యమన్నాడు. పక్కింటి అరుగు మీద కూర్చుని చేస్తానన్నాను. సాక్ష్యం చెప్పిన ఇంటి ఆడది పరాయి అరుగు మీద బీడీలు చుడుతుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారన్నాడు. నేను ఆకూ తంబాకూ కార్ఖానాలో తిరిగి ఇచ్చేసి పేరు తీసేయించుకుని వచ్చాను.

ఇల్లు కుదిరిననాడు మేము ఎనిమిది వందలు చూసి కిరాయి ఒప్పుకున్నాం. ఆ ఇంట్లో చేరినందువల్లే అందులో రెండు వందలు పోయాయి. చాప మీద ఇప్పుడు ఆరు వందలు. దేవునికి అరవై, ఇంటామెకు రెండు వందల ఇరవై ఐదు, కరెంటుకూ మోటరుకూ పాతిక దాకా, అత్తమ్మకు యాభై. మిగిలినదాన్ని నేను ఎన్నిసార్లు వేరే వేరే కుప్పలుగా పెట్టినా అది పెరగలేదు. ముందు చిట్టీ ఆగింది. తరువాత పప్పు పలచబడింది. తరువాత పాపకు పాలు ఆపి గంజిలో బెల్లం వేసి ఇచ్చాను. అది రెండు రోజులు పాలు అడిగింది, మూడో రోజు అడగలేదు. అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మూడో నెల కిరాయిలో సగమే ఇచ్చాం. నాలుగో నెల అదీ లేదు. ఇంటామె చెడ్డ మనిషి కాదు, గొంతు పెద్దది కాదు. వరండా మెట్టు మీద కూర్చుని కాళ్ళు నొక్కుకుంటూ అడిగింది.

"ఇల్లు మీ దేవుడే ఇచ్చిండని మీ ఆయన మీ గుడిల చెప్పిండట గద బిడ్డా. ఇల్లిచ్చినాయిన కిరాయి గూడ ఇయ్యడా?"

ఆమె ఎగతాళికి అన్నదో నిజంగానే అడిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. నేను రోజూ మోకాళ్ళ మీద అడుగుతున్నదీ అదే.

ఆ నెల దేవుని అరవై గూట్లో వాక్యపు గ్రంథం పక్కన కాగితంలో చుట్టి ఉంది. వంట చేస్తూ ఒకసారి అటు చూశాను. మా ఆయన నా చూపును పట్టుకున్నాడు. "దాని దిక్కు సూడకు," అన్నాడు. నేను చూడలేదు. చూడకుండా ఉండటం కూడా ఒక పని అయింది.

బుధవారం కూడికలో ప్రార్థన మనవులు అడుగుతారు. ఒకామె కొడుకు తాగుడు గురించి చెప్పి ఏడ్చేది, ఇంకొకామె కడుపునొప్పి గురించి చెప్పేది. నా వంతు వచ్చేసరికి, నీకేం తక్కువ చెల్లె, ఇంత ఇల్లిచ్చిండు దేవుడు అనేవారు. పాపకు జలుబు అని చెప్పేదాన్ని. కష్టం చెప్పుకోవడానికి ఊళ్ళో నాకున్న చోటు ఆ కూడిక ఒక్కటే. అది మా ఇంట్లోనే జరిగేది, అందుకే అక్కడ చెప్పుకోలేకపోయేదాన్ని.

నేనే పోయి ఊరి చివర ఒక రేకుల గది చూసి వచ్చాను. నూట పది అన్నాడు దాని యజమాని, ఒక ముసలాయన. శనివారం దాకా ఆగుతానన్నాడు, ఆ తరువాత ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను.

"సంఘం ముంగట నిలబడి చెప్పిన గద," అన్నాడు. "ఇప్పుడు ఖాళీ చేసి పోతే ఏమనుకోవాలె? దేవుడు ఇయ్యలేదనా? ఇచ్చి గుంజుకున్నడనా?"

ఆయన మొండిగా అనలేదు, నిజంగా భయపడి అన్నాడు. తన వల్ల దేవుని పేరు చిన్నబోతుందని భయం. ఆయన విశ్వాసాన్ని చూసే నేను వాళ్ళ ఇంటి కోడలినయ్యాను, దానితో నేను ఎట్లా కొట్లాడాలి?

మరునాడు బుధవారం. చాపలు పరిచాను. పదిహేను మంది దాకా ఆడవాళ్ళు, అయ్యగారు. మా ఆయన దుకాణంలో ఉన్నాడు. మనవులు ఒక్కొక్కటీ అయ్యాయి. నా వంతు వచ్చింది. పాప జలుబు అనే మాట నాలుక మీదకు వచ్చింది. అది బయటికి రాకముందే ఇంకో మాట వచ్చేసింది.

"ఈ ఇల్లు మాకు మోయలేనిదైంది అయ్యగారు. కిరాయి కట్టలేకపోతున్నం. దేవుడు మమ్ముల గీ ఇంట్లకెల్లి తీయాలని ప్రార్థన జేయుండ్రి."

వీధిలో పోయే సైకిలు గంట వినిపించింది. పాటల అక్క మెల్లగా, "మరి అన్న సాక్ష్యం చెప్పె గద," అన్నది. అయ్యగారు కళ్ళు మూసుకున్నారు. మేమందరం మోకరించాం.

ఆయన చాలాసేపు, చాలా ప్రేమతో ప్రార్థించారు. ఈ ఇంటి కిరాయికి ఏ కొరతా రానీయవద్దని, ఈ ఇంటిని నీ మహిమ కోసం నిలబెట్టమని, సోదరుని జీతం పెంచమని. నేను అడిగినదానికి సరిగ్గా తలకిందులు. ఆయనకు అది తెలియలేదు. ఇల్లు కావాలనే ఎవరైనా ప్రార్థిస్తారు, వద్దని ఎవరు ప్రార్థిస్తారు? అందరూ ఆమెన్ అన్నారు. నా నోరు తెరుచుకోలేదు. ఒకరి ప్రార్థనకు ఆమెన్ అనకుండా ఉండిపోవడం నా బతుకులో అదే మొదటిసారి. తలుపు దగ్గరికి పోయి అది బయటినుంచి గొళ్ళెం వేసి ఉందని తెలిసినట్టయింది.

అయ్యగారి తరువాత మనసు పుట్టినవాళ్ళు ఎవరైనా పైకి ప్రార్థించవచ్చు, అది మా కూడికలో అలవాటు. నేను ఎన్నడూ పైకి ప్రార్థించి ఎరగను. ఆ రోజు ప్రార్థించాను.

"తండ్రీ, గీ ఇల్లు నువ్విచ్చినవో మేమే తీస్కున్నమో నాకు తెల్వది. కిరాయికి పైసలియ్యమని అడుగుత లేను. నా బిడ్డకు పాలు బందువెట్టిన. ఇడిసిపెట్టి పోయే ధైర్యమియ్యి."

గోడకు ఆనుకుని ఉన్న ఒక ముసలామె, గంపలో ఆకుకూరలు అమ్ముకునే అవ్వ, ఆమెన్ అన్నది. కాసేపటికి ఇంకొకరు. తరువాత ఎవరెవరు అన్నారో నేను చూడలేదు.

చెప్పులు వేసుకుంటూ పాటల అక్క నా దగ్గర ఆగింది. "నేను బీడీలు బందువెట్టమన్లే చెల్లె. వాసనొస్తుందన్న, గంతే," అన్నది. ఆమె ముఖం చూస్తే కోపం రాలేదు.

మా ఆయన ఆ రోజు దీపాలు పెట్టే వేళకే వచ్చాడు. అయ్యగారు దుకాణానికి వచ్చారట. గజం గుడ్డ ధర అడిగి, కొనకుండా కొంతసేపు నిలబడి, జర జల్ది ఇంటికి పో అని చెప్పి వెళ్ళిపోయారట. జరిగింది నేనే చెప్పాను. ఆయన వరండాలో చాపల మీద కూర్చున్నాడు. అవి ఇంకా తీయలేదు.

"నా సాక్ష్యం ఏంగావాలె?" అన్నాడు.

"దేవుడు ఇల్లిచ్చిండని చెప్పినవు. ఎన్నొద్దులకిచ్చిండో చెప్పలే. నాలుగు నెలలకిచ్చిండనుకో," అన్నాను.

పాప వచ్చి ఆయన ఒడిలో కూర్చుంది. దాని చెయ్యి పట్టుకుని మణికట్టు చుట్టూ తన వేళ్ళు వేసి చూశాడు. వేళ్ళు కలిసి, ఇంకా మిగిలాయి.

"గా రేకుల రూముకు ఎంతన్నరు?"

"నూట పది."

"బీడీలు మల్ల జేస్తవా?"

"జేస్త."

"అయితే దశమభాగం ఎనబై," అన్నాడు. ముందు అదే తీశాడు. తరువాత వేళ్ళ మీద మిగిలినది లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆ ఇల్లు చూసిన రోజు నుంచి ఆయన ఆ లెక్క పెట్టడం అదే మొదలు.

శనివారం నాటికి మారిపోయాం. బాకీ కిరాయికీ, ముందుగా చెప్పకుండా ఖాళీ చేసినందుకూ ఇంటామె అడ్వాన్సు మొత్తం పట్టుకుంది. నువ్వు నాకు ఇచ్చేది లేదు, నేను నీకు ఇచ్చేది లేదు అన్నది. పోయే ముందు, బుధవారాలు వరండాలో చేసే ఆ ప్రార్థన తన మోకాళ్ళ నొప్పులకు కూడా ఒకసారి చేయమని అడిగింది. వాకిట్లోనే నిలబడి చేశాను.

అక్కడితో సుఖపడ్డామని రాస్తే అబద్ధమవుతుంది. రేకుల కింద ఎండాకాలం తడిపిన ఆకు తడిపినట్టే ఎండిపోయేది. బుధవారం కూడికకు కొన్నాళ్ళు చోటు లేకుండా పోయింది. దానికి మమ్మల్ని తప్పుపట్టినవాళ్ళు ఉన్నారు, గుడి వాకిట్లో పలకరించకుండా పక్కకు తిరిగినవాళ్ళూ ఉన్నారు. అన్నిటికంటే, సాక్ష్యాల వేళ వస్తే మా ఆయన తల వంచుకుని కూర్చునేవాడు. పాపకు మళ్ళీ పాలు పోస్తున్నామన్నది కూడా మేలే కదా, లేచి చెప్పు అనేదాన్ని. ఆయన లేవలేదు. ఎన్నో ఏళ్ళు లేవలేదు. ఆ ఇంటి నుంచి మేము బయటికి వచ్చాం కానీ ఆయన మాత్రం ఆ మాటలోనే ఉండిపోయాడు. దేవుడు ఆయనను అందులోంచి తీసిన తీరు వేరే కథ, అది ఆయనదే, నేను చెప్పకూడదు.

ఇది చదువుతున్న మీకు కూడా ఒక ఇల్లు, ఒక జీతం, వాటి మధ్య ఒక లెక్క ఉండే ఉంటాయి. మీ వీధిలోనే ఎవరో ఒకామె, నలుగురిలో అనేసిన మాటకు కట్టుబడి, కట్టలేని కిరాయి కడుతూ, అడిగినవాళ్ళకు పాప జలుబు అని చెబుతూ ఉండవచ్చు. ఆమె కోసం నాతో పాటు ఒక్క నిమిషం మోకరించండి. తండ్రీ, ఆమె నోరు తెరువు. ఆమె చెప్పింది చెప్పినట్టు వినే చెవులు మాకియ్యి. చిన్న ఇంటికి పోవడం నీ ముందు చిన్నతనం కాదని ఆమె భర్తకు తెలియజెయ్యి. మీకు చేతనైన మాటల్లో మీరూ అడగండి. నేను ఇక్కడ కళ్ళు మూసుకుంటున్నాను.